ఓడిన తర్వాత రాసిన చరిత్ర: టింబక్టు తారీఖులు

1591 మార్చిలో, నైజర్ నది ఒడ్డున గావ్ నగరానికి కాస్త ఎగువన ఉన్న టొండిబి దగ్గర, సోంఘాయ్ సామ్రాజ్యం ఒకే ఒక్క యుద్ధంతో కూలిపోయింది. మొరాకో సుల్తాన్ అహ్మద్ అల్-మన్సూర్ పంపిన సేన సహారా ఎడారిని దాటి వచ్చింది. దాని నాయకుడు జూదర్ పాషా. స్పెయిన్ దేశపు గ్రనడా ప్రాంతంలో పుట్టి, చిన్నతనంలోనే చెరపట్టబడి, మొరాకో కొలువులో పెరిగినవాడు. అతని సేన చిన్నదే, కానీ సైనికుల చేతుల్లో తుపాకులు ఉన్నాయి. ఎదురుగా ఉన్న సోంఘాయ్ రాజు, ‘అస్కియా’ బిరుదున్న రెండవ ఇస్‌హాక్ సైన్యం ఎంత పెద్దదో ‘తారీఖు’లనే రెండు అరబ్బీ చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఒకదాని ప్రకారం 12,500 మంది ఆశ్వికులు, 30,000 మంది కాల్బలం. మరొకదాని ప్రకారం 18,000 మంది ఆశ్వికులు, 9,700 మంది కాల్బలం.

ఈ రెండు లెక్కలూ యుద్ధభూమిలో ఎవరో నిలబడి రాసుకున్నవి కావు. మొదటి లెక్క ఉన్న గ్రంథం 1655 ప్రాంతంలో, రెండోది 1664 ప్రాంతంలో పూర్తయ్యాయి. అంటే యుద్ధం ముగిసిన అరవై, డెబ్బై ఏళ్లకు. అప్పటికి సోంఘాయ్ రాజ్యం లేదు, దాని రాజధాని వైభవం లేదు. నేటి మాలీ దేశంలోని టింబక్టు నగరాన్ని ఏలుతున్నది ఆ మొరాకో సైనికుల సంతానం. మాలీ, సోంఘాయ్ సామ్రాజ్యాల గురించి ఇవాళ పాఠ్యపుస్తకాల్లో చదివే సంగతుల్లో పెద్ద భాగం ఈ రెండు గ్రంథాల నుంచి వచ్చిందే. వందేళ్లకు పైగా వాటిని పాత రికార్డుల్లాగే చదివారు: పేర్లు, తేదీలు, రాజుల వరస ఏరుకుని, మిగిలింది పక్కన పెట్టారు. ఆ చదువు వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఆ రచయితలు సమాచారం మోసుకొచ్చిన గుమాస్తాలు కారు. తమ కాలపు రాజకీయ సంక్షోభం గురించి ఆలోచించి, ఆ ఆలోచనను చరిత్ర రూపంలో చెప్పిన మేధావులు.

మొదటి గ్రంథం పేరు ‘తారీఖ్ అస్-సూదాన్’. ఇక్కడ సూదాన్ అంటే నేటి సూడాన్ దేశం కాదు, సహారాకు దక్షిణాన ఉన్న నల్లజాతి ప్రజల భూభాగమంతా. రచయిత అబ్ద్ అర్-రహ్మాన్ అస్-సాదీ 1594లో టింబక్టులో పుట్టాడు, అంటే సామ్రాజ్యం పోయిన మూడేళ్లకు. 1627 ప్రాంతంలో జెన్నే నగరంలోని సంకోరే మసీదుకు ఇమాం అయ్యాడు. పదేళ్ల తర్వాత ఆ పదవి పోయింది. ఆ తర్వాత పాలకుల దగ్గర లేఖకుడిగా చేరి, 1646లో టింబక్టును ఏలే పాషాకు, అంటే ఆ సైనిక పాలకుడికి, ప్రధాన లేఖకుడయ్యాడు. ఉత్తరాలు రాయడం, తగవులు తీర్చడం, రాయబారాలు నడపడం అతని పని. తన నగరాన్ని జయించినవారి కొలువులో కూర్చుని, ఓడిపోయిన రాజ్యం చరిత్రను రాశాడన్నమాట. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే గ్రంథంలో అనేక పుటలు మరో రకంగా కనిపిస్తాయి.

పీఠికలోనే సాదీ తన బాధను చెప్పుకున్నాడు. పూర్వం పెద్దలు నలుగురు కూడినప్పుడు ప్రవక్త సహచరుల గురించి, పుణ్యపురుషుల గురించి మాట్లాడుకునేవారు. ఆపైన తమ దేశపు రాజులు, వారి నడవడి, వారి చావు సంగతులు చెప్పుకునేవారు. ఆ తరం వెళ్లిపోయింది. తర్వాతి తరానికి ఆ ఆసక్తి లేదు. మిగిలిన కొద్దిమంది నోళ్లలో ఉన్నది అసూయ, చాడీలు, పనికిమాలిన కబుర్లు. ఆ విద్య కళ్లముందే అంతరించిపోతుంటే చూడలేక పూనుకున్నానంటాడు. దీన్ని మామూలు వినయపు పీఠికగా తీసుకోవడం పొరపాటు. తెగిపోయిన ఒక కాలాన్ని మళ్లీ ముడివేయాలనే తపన అందులో ఉంది.

సాదీ నగరాల గురించి రాసిన చోట్ల ఆ తపన ఆనందంగా మారుతుంది. తాను ఇమాంగా ఉన్న జెన్నే అంటే అతనికి ప్రాణం. తఘాజా గనుల ఉప్పుతో వచ్చే వర్తకులు, బితూ బంగారంతో వచ్చే వర్తకులు కలుసుకునేది అక్కడేననీ, టింబక్టుకు నలుదిక్కుల నుంచీ ఒంటెల బిడార్లు వస్తున్నాయంటే ఆ చలవ జెన్నేదేననీ రాస్తాడు. జెన్నే రాజు కున్‌బురు ఇస్లాం స్వీకరించిన కథ ఇంకా బాగుంటుంది. రాజు తన రాజ్యంలోని పండితులందరినీ పిలిపించాడు. వాళ్లు 4,200 మంది. వారి ముందు మతం స్వీకరించి, మూడు వరాల కోసం దేవుణ్ని వేడమన్నాడు. పేదరికంతో ఊరు విడిచి ఇక్కడికి వచ్చినవాడికి తన ఊరిని మరిపించేంత సుఖం దొరకాలి. ఈ ఊళ్లో స్థానికులకన్నా పరాయి ఊళ్ల వాళ్లే ఎక్కువగా ఉండాలి. సరుకు తెచ్చిన వర్తకులు విసిగిపోయి వచ్చిన ధరకే అమ్ముకుపోవాలి, ఆ లాభం ఊరివాళ్లకు దక్కాలి. ఒక వర్తక నగరం తన గురించి తాను కనే కల ఇంత సూటిగా రాతకెక్కిన సందర్భాలు తక్కువ. 4,200 అనే సంఖ్యను నమ్మాలా వద్దా అనే చర్చ ఈ కథలోని అసలు విలువను తాకదు.

రాజుల దగ్గరకు వచ్చేసరికి సాదీ కలం పక్షం వహిస్తుంది. 1464 నుంచి 1492 వరకు ఏలిన సున్ని అలీ సోంఘాయ్‌ని సామ్రాజ్యంగా మార్చినవాడు. 1468లో టింబక్టును పట్టుకున్నవాడు. సాదీ దృష్టిలో మాత్రం అతను పరమ క్రూరుడు, పండితులను చంపించినవాడు, నమాజును ఆటగా తీసుకున్నవాడు. అతని కొడుకును తొలగించి 1493లో గద్దెనెక్కిన అస్కియా ముహమ్మద్ దేవుడు పంపిన రక్షకుడు. ఆ అస్కియా 1496లో హజ్‌కు బయల్దేరి 3,00,000 బంగారు నాణేలు వెంట తీసుకెళ్లాడనీ, అందులో 1,00,000 పవిత్ర నగరాల్లో దానం చేశాడనీ, మదీనాలో తన దేశపు యాత్రికుల కోసం తోట కొన్నాడనీ సాదీ వర్ణిస్తాడు. ఒక రాజవంశాన్ని కూలదోసిన సేనానికి ధర్మబద్ధమైన అధికారం ఎలా వచ్చిందో చూపడమే ఈ వర్ణనల పని.

అయినా సాదీ మోటుగా నలుపు తెలుపులు పులిమే రచయిత కాదు. పండితులు లేకపోతే బతుకులో మాధుర్యమే లేదని సున్ని అలీ అన్న మాటను దాచకుండా రాశాడు. ఫులానీ తెగపై దాడి చేసినప్పుడు అలీ చెరపట్టిన స్త్రీలను టింబక్టు పెద్దలకు, పండితులకు కానుకగా పంపాడనీ, ఉంపుడుగత్తెలుగా ఉంచుకోమన్నాడనీ రాస్తాడు. ధర్మం పట్టనివాళ్లు అలాగే ఉంచుకున్నారు, ధర్మం తెలిసినవాళ్లు పెళ్లి చేసుకున్నారు. అలా పెళ్లి చేసుకున్నవారిలో తన పూర్వీకుడు అబ్దుల్లా అల్-బల్‌బాలీ ఒకడు, ఆమె పేరు ఆయిషా అల్-ఫులానియ్యా అని చెప్పుకుంటాడు. తాను పుటలకొద్దీ తిట్టిపోసిన రాజు చేసిన దండయాత్ర లేకపోతే తన వంశమే లేదు. దాన్ని కప్పిపుచ్చకుండా, వ్యాఖ్య లేకుండా, ఆమె పేరుతో సహా రాసిపెట్టాడు. చెరపట్టబడిన స్త్రీలలో పేరు మిగిలినవారు ఎంత తక్కువో తెలిస్తే ఈ నాలుగు వాక్యాల బరువు అర్థమవుతుంది.

అస్కియా ముహమ్మద్ చివరి రోజుల వర్ణన కూడా అలాంటిదే. 1529లో కొడుకు మూసా అతన్ని గద్దె దించాడు. చూపు పోయిన ఆ వృద్ధుణ్ని తర్వాత నదిలోని ఒక దీవికి పంపేశారు. మరో కొడుకు ఇస్మాయీల్ రహస్యంగా చూడవచ్చినప్పుడు తండ్రి అతని చేతిని తడిమి చూసి, ఇంత బలమైన చేయి ఉండీ తనను దోమలకు, కప్పలకు వదిలేశావా అని అడుగుతాడు. మక్కాకు వెళ్లి బంగారం పంచిన చక్రవర్తి మీదకు కప్పలు ఎగురుతున్నాయి. సాదీకి కథ చెప్పడం వచ్చు.

మొరాకో దండయాత్ర దగ్గర కలానికి కోపం వస్తుంది, కానీ జాగ్రత్త కూడా ఉంటుంది. శాంతి కోసం ఇస్‌హాక్ 1,00,000 మిస్కాల్‌ల (అప్పటి తూకపు కొలత) బంగారం, 1,000 మంది బానిసలు ఇస్తానన్నాడు. గావ్‌ను చూసిన జూదర్, అప్పటి మొరాకో రాజధాని మరాకేష్‌లో గాడిదలు తోలేవాళ్ల పెద్ద ఉండే ఇల్లే అస్కియా మహలుకన్నా మేలని సుల్తానుకు రాసి, సంధికి మొగ్గు చూపాడు. సుల్తాను మండిపడి అతని స్థానంలో మహమూద్ పాషాను పంపాడు. 1593లో ఆ పాషా టింబక్టు పండితులను ప్రమాణం చేయించే నెపంతో ఆ ఊళ్లోనూ ఉన్న సంకోరే అనే మసీదులో కూడగట్టి బంధించాడు. కొందరు అక్కడే చనిపోయారు, మిగిలినవారిని సంకెళ్లతో ఎడారి దాటించి మరాకేష్‌కు తరలించారు. వారిలో అహ్మద్ బాబా ఉన్నాడు. తన 1,600 పుస్తకాలు దోచుకున్నారనీ, తమ బంధువుల్లో అందరికన్నా చిన్న గ్రంథాలయం తనదేననీ ఆయన చెప్పిన మాట ప్రసిద్ధం. ఆయన 1608లోగానీ సొంత ఊరికి తిరిగి రాలేకపోయాడు. ఆ ప్రవాసంలో రాసిన పండితుల జీవిత చరిత్రల నుంచి సాదీ అనేక పుటలు తన గ్రంథంలోకి తీసుకున్నాడు. దండయాత్ర తర్వాత భద్రత పోయి భయం వచ్చిందనీ, సంపద పోయి కష్టం వచ్చిందనీ, దేశమంతటా మనుషులు ఒకరినొకరు పీక్కుతిన్నారనీ రాశాడు. ఇది రాసినవాడు ఆ పాషాల వారసుడి కొలువులోనే జీతం తీసుకుంటున్నాడు.

మరి ఎందుకు రాశాడు, ఎవరికోసం రాశాడు? ఈ ప్రశ్నకు అత్యంత బలమైన జవాబు ఇచ్చిన చరిత్రకారుడు పౌలో ఫెర్నాండో ది మొరాయిస్ ఫారియస్. మాలీలోని అరబ్బీ శాసనాలపై 2003లో వచ్చిన గ్రంథంలో ఆయన చేసిన వాదన ఇది: తారీఖు అనే ఈ రచనా ప్రక్రియ ఆ ప్రాంతంలో పాతది కాదు, 1591 తర్వాతి పరిస్థితులకే పుట్టినది. 1612 తర్వాత పాషాలను మరాకేష్ పంపడం లేదు. సైనికులే తమలోంచి ఒకరిని ఎన్నుకుంటున్నారు. అర్మా అని పిలిచే ఆ సైనిక వర్గం స్థానిక కుటుంబాలతో వియ్యమంది అక్కడే స్థిరపడింది. వాళ్లు నిలబెట్టిన బొమ్మ అస్కియాలు టింబక్టులో ఉన్నారు. దెబ్బతిన్నా పరువు పోని పండిత కుటుంబాలు ఉన్నాయి. ఈ మూడు వర్గాలూ ఒకే ఊళ్లో బతకాలి. పాత రాజుల నుంచి పాషాల దాకా తెగని ఒకే వరస ఉందని, అందులో ప్రతివారికీ చోటు ఉందని చూపే చరిత్ర అప్పుడు అవసరమైంది. 1660లో శుక్రవారపు ఖుత్బాలో (నమాజు ప్రసంగంలో) మొరాకో సుల్తాను పేరు చదవడం కూడా మానేశారు. గ్రంథాలు వెలువడిన కాలం సరిగ్గా ఇదే.

ఆ తెగని వరసను పరీక్షించడానికి మరో సాక్ష్యం ఉంది, అది రాతి మీద ఉంది. గావ్ పక్కనే ఉన్న సనే శ్మశానంలో 12వ శతాబ్ది నాటి సమాధి శాసనాలు 1939లో బయటపడ్డాయి. కొన్ని స్పెయిన్‌లోని అల్మెరియా నుంచి తెప్పించిన పాలరాతి పలకల మీద చెక్కినవి. వాటిలో కనిపించే రాజుల పేర్లు తారీఖులు ఇచ్చే ‘జా’ వంశపు పట్టికతో సరిపడవు. వాటిలో మలికలు, అంటే రాణులు, ఉన్నారు; తారీఖుల రాజుల వరసలో వారి జాడ లేదు. అస్కియా బిరుదు 1493లో అప్పటికప్పుడు పుట్టిందని సాదీ కథ చెబుతాడు: సున్ని అలీ కూతుళ్లు ‘అతను కాడు’ అని అరిస్తే ముహమ్మద్ ఆ మాటనే బిరుదుగా పెట్టుకున్నాడని. ఆ బిరుదు 13వ శతాబ్ది శాసనంలోనే ఉంది. జా, సున్ని, అస్కియా అని మూడు వంశాలను చక్కగా పేర్చిన వరస 17వ శతాబ్ది పండితులు కట్టినది. అంతమాత్రాన వాళ్లు అబద్ధాలకోరులు అయిపోరు. చేతిలో ఉన్న చెల్లాచెదురు స్మృతులతో ఒక అర్థవంతమైన గతాన్ని నిర్మించారు. కానీ 12వ శతాబ్ది గావ్ గురించి తెలుసుకోవాలంటే తారీఖులకన్నా రాళ్లను నమ్మాలి.

రెండో గ్రంథం కథ ఇంతకన్నా చిక్కు. ‘తారీఖ్ అల్-ఫత్తాష్’ పేరుతో ఊదా, దెలాఫోస్ అనే ఇద్దరు ఫ్రెంచి పండితులు 1913లో దాన్ని పరిష్కరించి అచ్చువేశారు. రచయిత మహమూద్ కాతీ అని, అతను మొదలుపెట్టినదాన్ని మనుమడు ఇబ్న్ అల్-ముఖ్తార్ పూర్తి చేశాడని చెప్పారు. ఆ లెక్క ప్రకారం కాతీ 1468లో పుట్టి 1593లో చనిపోవాలి, అంటే 125 ఏళ్ల ఆయుష్షు. ఇది అసహజమని తోచినా సర్దుకుపోయారు.

ఈ గ్రంథంలో సాదీలో లేని వీధుల సందడి ఉంది. టింబక్టులో 150 నుంచి 180 దాకా ఖురాన్ బడులు, 26 దర్జీ ఇళ్లు ఉన్నాయంటుంది. ఒక్కో దర్జీ దగ్గర 50 నుంచి 100 మంది దాకా శిష్యులు. గావ్ పెద్దదా, తూర్పున ఉన్న కానో నగరం పెద్దదా అని పందెం వేసుకున్నవాళ్లు మూడు రోజులు తిరిగి గావ్‌లో ఇళ్లు లెక్కపెట్టి, గడ్డి గుడిసెలు కాక 7,626 అని తేల్చిన ముచ్చట ఇందులోదే. పండితుడి ముందు రాజు స్థానం ఏమిటో చెప్పే సన్నివేశం కూడా ఇందులోదే. టింబక్టు ఖాజీ మహమూద్ తన మనుషులను తిప్పి పంపేశాడని అస్కియా ముహమ్మద్ స్వయంగా వచ్చి నిలదీస్తాడు. ‘నువ్వు నా ఇంటికొచ్చి, నా కాళ్లు పట్టుకుని, నరకాగ్నికీ నీకూ మధ్య అడ్డుగా ఉండమని వేడుకున్న రోజు మరిచావా? నీ మనుషులను అందుకే వెనక్కి పంపాను’ అన్న అర్థంలో ఖాజీ బదులిస్తాడు. చక్రవర్తి ఆయన చేతులు ముద్దాడి వెళ్లిపోతాడు. 1593 నాటి సంకెళ్లు గుర్తున్న పాఠకులకు ఈ కథ ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. పాలకులు ఎలా ఉండాలో కోల్పోయిన కాలం నుంచి చూపిస్తున్నారు.

చిక్కల్లా మూడో రాతప్రతితో వచ్చింది. పరిష్కర్తలు దొరికిన ప్రతులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టారు. అస్కియా ముహమ్మద్ హజ్ యాత్రలో ఉండగా కైరో పండితుడు అస్-సుయూతీ అతన్ని పదకొండో ఖలీఫాగా గుర్తించి, పన్నెండోవాడు మాసినా ప్రాంతంలో అహ్మద్ పేరుతో వస్తాడని జోస్యం చెప్పినట్టు సీ ప్రతిలో ఉంది. మిగిలిన ప్రతుల్లో లేదు. 1818లో మాసినాలో హమ్దల్లాహీ రాజ్యాన్ని స్థాపించిన ఫులానీ మతగురువు పేరు అహ్మద్ లొబ్బో. అస్కియాలకు వంశపారంపర్యంగా లోబడిన 24 దాస్య వర్గాల ప్రస్తావన కూడా ఆ ప్రతి ప్రత్యేకతే. నెహెమియా లెవ్ట్‌జియన్ 1971లోనే ఈ భాగాలు 19వ శతాబ్ది ప్రక్షిప్తాలని, అంటే తర్వాత చొప్పించినవని, చూపాడు. 2015లో మౌరో నోబిలి, మహమ్మద్ షాహిద్ మతీ మరో అడుగు వేశారు: ఇవి ఒక గ్రంథంలో చొరబడ్డ ప్రక్షిప్తాలు కావు, అసలు ఇవి రెండు వేర్వేరు గ్రంథాలు. ఒకటి ఇబ్న్ అల్-ముఖ్తార్ 17వ శతాబ్దిలో రాసిన చరిత్ర. రెండోది దాన్ని మూలంగా తీసుకుని అహ్మద్ లొబ్బో కొలువులోని నూహ్ ఇబ్న్ అత్-తాహిర్ తిరగరాసి, గౌరవం కోసం మహమూద్ కాతీకి అంటగట్టిన ‘తారీఖ్ అల్-ఫత్తాష్’. 1913 ముద్రణ ఈ రెండింటినీ కలిపేసి, ఎన్నడూ లేని మూడో పుస్తకాన్ని తయారుచేసింది.

నూహ్ చేసిన పని వెనుక నిజమైన ఒత్తిడి ఉంది. లొబ్బో పేరున్న పండిత వంశంవాడు కాదు. తూర్పున సొకోటో ఖలీఫా రాజ్యం తమ ఆధిపత్యం ఒప్పుకోమంటోంది. టింబక్టులో కుంతా వంశపు పండితులు అతని అధికారాన్ని ప్రశ్నిస్తున్నారు. సైన్యం తీర్చలేని ఈ చిక్కును గతం తీర్చగలదని నూహ్ నమ్మాడు. జోస్యాన్ని వివరిస్తూ ఆయన రాసిన లేఖ ప్రతులు సహారా అవతలి దాకా వెళ్లాయి. పాత సోంఘాయ్ చరిత్రకు అంత విలువ లేకపోతే ఒక రాజ్యపు పెద్ద పండితుడు ఇంత శ్రమకు పూనుకునేవాడు కాదు. తారీఖులు రాసిన దాదాపు రెండు శతాబ్దాల తర్వాత కూడా అవి మూలన పడి లేవు; అధికారం ఎవరిదనే వాదనల్లో ప్రమాణాలుగా బతికే ఉన్నాయి.

పశ్చిమాఫ్రికాలో పండితుల చరిత్ర రచన టింబక్టుతోనే మొదలై అక్కడే ఆగిపోలేదు. చాద్ సరస్సు పక్కన బోర్నోలో ఇమాం అహ్మద్ ఇబ్న్ ఫుర్తూ 1576, 1578 సంవత్సరాల్లోనే తన రాజు ఇద్రీస్ అలూమా దండయాత్రలను రాశాడు. రాజు బతికి ఉండగా, గెలుస్తుండగా రాసిన ఆ రచనల స్వరమే వేరు. నేటి ఘానాలోని గొంజాలో 18వ శతాబ్ది మధ్యలో ముస్లిం పండితులు తమ రాజుల చరిత్రను అరబ్బీలో కూర్చారు. అదే కాలంలో టింబక్టులో పాషాల జీవిత వృత్తాంతాలు ‘తజ్‌కిరత్ అన్-నిస్యాన్’ పేరుతో గ్రంథస్థమయ్యాయి.

ఆఫ్రికాకు రాతలో చరిత్ర లేదని యూరప్ పండితులు ధీమాగా చెప్పిన కాలంలో కూడా ఈ గ్రంథాలు ఊళ్లలో చేతులు మారుతూనే ఉన్నాయి. జర్మన్ యాత్రికుడు హైన్‌రిష్ బార్త్ 1853లో నేటి నైజీరియాలోని గ్వాండులో తారీఖ్ అస్-సూదాన్‌ను చూసి భాగాలు రాసుకున్నాడు. గ్రంథంలో అహ్మద్ బాబా ప్రస్తావన మూడో మనిషిగానే ఉందని గమనించి కూడా, అక్కడి పండితుల మాట ప్రకారం రచయిత ఆయనే అనుకున్నాడు. సాదీ పేరు యూరప్‌లో స్థిరపడటానికి 1898 నాటి ఊదా ముద్రణ దాకా ఆగాల్సి వచ్చింది. ఫత్తాష్ విషయంలో సవరణకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. సోంఘాయ్ సమాజంలో కులాలూ దాస్యమూ ఎలా ఉండేవో వివరించిన 20వ శతాబ్ది పుస్తకాలు చాలావరకు ఆ 24 వర్గాల ప్రస్తావన మీద ఆధారపడ్డాయి. అది సోంఘాయ్ కాలపు సమాజ చిత్రం కాదు, కొందరు ప్రజల మీద తన హక్కును రుజువు చేసుకోవాలనుకున్న 19వ శతాబ్ది రాజ్యపు దావా. సీ ప్రతి నుంచి వచ్చిన ప్రతి వాక్యాన్నీ వేరుచేసి, 15, 16 శతాబ్దాల సోంఘాయ్ గురించి ఏం మిగులుతుందో మళ్లీ లెక్క చూడాల్సిన పని ఇప్పుడు చరిత్రకారుల ముందు ఉంది. సీ ప్రతిని 1820ల తర్వాతి హమ్దల్లాహీ చరిత్రకు మూలంగా చదివే పని కూడా దానితోపాటే మొదలైంది.